బ్రేకులు అయ్యాక బయల్దేరదాం

"ఇప్పుడు గుర్తొచ్చాయా నీకు బ్రేకులు?" అంది బురుల్, పాల బకెట్టు గుమ్మంలో దించి.

ఏడింటికి బయల్దేరాలని నిన్ననే అనుకున్నారు. తీరా చూస్తే కొడుకు ఎర్మెక్ వాకిట్లో పాత జిగులి కారుకు జాకీ ఎత్తి, ముందు ఎడమ చక్రం ఊడదీసుకుని కూర్చున్నాడు. వెనక చక్రాలకు రాళ్ళు కూడా అడ్డం పెట్టేశాడు.

"కనుమ దిగాలి కదమ్మా. కొత్త ప్యాడ్లు అరలోనే ఉన్నాయి. ఒక్క గంట."

బురుల్ మొగుడు జుమాలీకి పొట్ట ఆపరేషనై తొమ్మిది రోజులు. రాజధాని బిష్కెక్‌లో పెద్దాసుపత్రిలో ఉన్నాడు. వీళ్ళ ఊరు అట్‌బాషి నుంచి ఆరేడు గంటల దారి. ఆవు ఈనిందనీ, కనుమలో మంచు పడిందనీ ఆమె ఇంతవరకూ వెళ్ళలేకపోయింది. నిన్న ఫోనులో ఆయన, "ఇక్కడి గంజి నా వల్ల కాదే. నీ చేతి బోర్సోకులు తేవే" అన్నాడు. సాయంత్రమే పిండి కలిపి, నూనెలో వేయించి, మూట కట్టి పెట్టుకుంది.

గంట గడిచింది. ఎర్మెక్ బోల్టులు తీశాడు. బ్రేకు గొట్టం లాగబడకుండా ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ని తీగతో పైకి వేలాడదీశాడు. తుప్పు గీకాడు. పాత ప్యాడ్ అడ్డం పెట్టి పిస్టన్‌ని క్లాంపుతో వెనక్కి నొక్కాడు. వదులు చేసి, మళ్ళీ నొక్కాడు.

"ఏమైందిరా?"

"వెనక్కి పోనంటోందమ్మా."

"మీ నాన్నయితే టీ చల్లారేలోపు నాలుగు చక్రాలూ మార్చి పారేసేవాడు."

"అవును," అన్నాడు ఎర్మెక్. రాత్రి నిద్ర పట్టని మనిషిలా ఉన్నాడు.

పక్కింటి తురాట్ వచ్చాడు. నోరు తెరిస్తే ఎగతాళి తప్ప రాదు ఆ మనిషికి. ఈ కారుని ఏనాడూ కారనలేదు, 'మీ గాడిద' అనేవాడు. ఇవాళ కిక్కురుమనకుండా వచ్చి ఎర్మెక్ పక్కన చతికిలబడ్డాడు. విప్పిన ప్యాడ్ చేతిలోకి తీసుకుని, దాని మందం వేలితో తడిమి చూశాడు.

"వీటితో కనుమ దిగితే ఇంక అంతే సంగతులు, పిన్నీ," అన్నాడు చివరికి. "కుడి వైపు కూడా విప్పాల్సిందే."

"నువ్వూ వీడికే వంత పాడు! సరిపోయారు ఇద్దరికిద్దరూ."

కంచె అవతల తురాట్ వాకిట్లో మనుషులు లారీలోంచి గుడారం కర్రలూ, ఉన్ని దుప్పట్లూ దించుతున్నారు.

"ఏమిట్రా, మీ ఇంట్లో విందా? నాకు మాటమాత్రం చెప్పలేదేం?"

"విందూ లేదు పాడూ లేదు పిన్నీ. కాస్త ఎండ తగలనిద్దామని."

పదకొండయింది. బురుల్‌కి కాళ్ళు నిలవడం లేదు. మూట చేత్తో పట్టుకుని గుమ్మానికీ కారుకీ మధ్య తిరుగుతోంది.

"నా ఫోను ఇటు తే. ఆలస్యమవుతుందని ఆయనకు చెప్తాను. పాపం, తలుపు వైపే చూస్తూ ఉంటాడు."

ఆ ఫోను పొద్దుటి నుంచీ ఎర్మెక్ దగ్గరే ఉంది. చక్రం వెనక చీకటిగా ఉందని టార్చికి తీసుకున్నాడు.

"చార్జి అయిపోయిందమ్మా."

"నీదివ్వు."

"బ్యాలెన్సు లేదు."

తురాట్ లేచి, పని ఉందని గొణిగి వెళ్ళిపోయాడు.

కుడి చక్రం బిగించడం అయింది. హమ్మయ్య అనుకుంది బురుల్. ఎర్మెక్ జాకీ పట్టుకుని మళ్ళీ ఎడమ వైపుకి నడిచాడు. బిగించిన చక్రానికే మళ్ళీ స్పానర్ వేశాడు.

"పిన్నులకు గ్రీజు పెట్టడం మరిచాను."

అప్పటికి అర్థమైంది ఆమెకు. అర్థమయ్యేసరికి ఒళ్ళు మండింది.

"కావాలనే చేస్తున్నావురా! మంచులో గొర్రెలు పోయాయని చలికాలంలో ఆయన నలుగురిలో నిన్ను చేతకానివాడా అన్నాడు. అప్పట్నుంచీ ఆయనతో మాట మానేశావు. ఆపరేషన్ రోజున కూడా ఫోను తీసుకోలేదు. నీ కోపం నీ దగ్గరే పెట్టుకో నాయనా. నాకు నా మొగుణ్ణి చూపించు, చాలు!"

ఎర్మెక్ చేతిలో బోల్టు జారి మట్టిలో పడింది. వెతికి తీసి, తుడిచాడు.

"నువ్వు రాకపోతే మానె. లారీ ఎక్కి పోతా," అంటూ ఆమె మూటతో గేటు వైపు నడిచింది.

అతను పరుగెత్తుకెళ్ళి గేటుకి అడ్డం నిలబడ్డాడు. గ్రీజు చేతులు జోడించాడు.

"అమ్మా, నీకు దండం పెడతా. ఇంకొక్క గంట ఆగు."

"ఆయన ముఖం చూడాలని లేదు నీకు. అంతేగా?"

ఎర్మెక్ తల దించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో అనుకుంది తల్లి. తగిన శాస్తే అని కూడా అనుకుంది.

సూర్యుడు నడినెత్తి దాటాక గేటు ముందు జీపు ఆగింది. జుమాలీ అన్న సగిన్ దిగాడు. ఎనభై దాటిన మనిషి, పై కొండల్లో మందల దగ్గర ఉంటాడు. తెల్ల ఉన్ని టోపీల పెద్దలు మరో ఇద్దరు అతని వెనక దిగారు. ముగ్గురూ గేటు దగ్గరే నిలబడిపోయారు.

బురుల్‌కి ప్రాణం లేచొచ్చింది.

"సమయానికి వచ్చారు బావగారూ! వీడికి మీరైనా గడ్డి పెట్టండి. పొద్దుటి నుంచీ నన్ను ఆయన దగ్గరికి పోనివ్వడం లేదు."

చావు కబురు ఇంటి పెద్ద నోటనే చెప్పించాలన్నది అక్కడి కట్టుబాటు గనక, పొద్దున ఆమె పాలు పితుకుతుండగా ఆసుపత్రి వాళ్ళు ఫోనులో చెప్పిన మాటను పంటి కింద నొక్కిపెట్టి, పక్కన తురాట్ చావు గుడారానికి సరంజామా దింపిస్తుండగా, పెదనాన్న కొండ దిగి వచ్చేదాకా, ఏ లోపమూ లేని బ్రేకులను విప్పుతూ బిగిస్తూ, ఎర్మెక్ తన తల్లికి ఆమె మొగుణ్ణి ఇంకొక పూట బతికించి ఇచ్చాడు.