చాలని తొట్టి

ఫ్రిజ్‌లోంచి తీసిన రొయ్యల గడ్డ ఇంకా పూర్తిగా కరగలేదు. అమ్మాయి గిన్నెలో నీళ్లు మార్చి, విడివడిన రొయ్యలకు ఒక్కొక్కటిగా తలలు తుంచుతోంది.

"దొరగారికి తలకాయలు పనికిరావా?" అంది పిన్ని, స్టవ్ దగ్గర నుంచి.

"ఉమ్మేస్తుంది పిన్నీ. నీళ్లు పాడైపోతాయి."

"పెళ్లైన కొత్తలో మీ బాబాయి కూడా ఇన్ని వంకలు పెట్టలేదు."

"ఇప్పుడు పెడుతున్నానా?" అన్నాడు బాబాయి హాల్లోంచి.

"ఇప్పుడు పెట్టనిస్తున్నానా?"

హాల్లో ఒక గోడ పొడవునా అద్దాల తొట్టి. అందులో రెండు షార్కులు. జానెడు పొడవున్న బుడ్డోడు, గజం దాటిపోయిన దొర. ఆడదని తెలిసేసరికే దొర అన్న పేరు స్థిరపడిపోయింది.

పదేళ్ల కిందట, అన్నావదినలు ఒకేసారి పోతే, వాళ్ల కూతుర్ని బాబాయి తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ పిల్ల నెల రోజులు నోరు విప్పలేదు. ఒక సాయంత్రం అతను ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోయించుకుని, అరచేయంత షార్కు పిల్లను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "దీనికి ఆకలేస్తోందేమో" అంది ఆ పిల్ల. ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి మాట అదే.

ఇప్పుడు దొర వెనక్కి తిరగాలంటే ముక్కు ఒక అద్దానికి, తోక ఇంకో అద్దానికి తగులుతున్నాయి.

"ముక్కు మళ్లీ ఒరుసుకుపోయింది బాబాయ్" అంది అమ్మాయి, పటకారుతో రొయ్య అందిస్తూ.

"చూశాలే." అతను పేపర్లోంచి తల ఎత్తలేదు.

"చిన్నదాని జడ వెయ్యవే కాస్త. స్కూలు బస్సు వచ్చేస్తుంది" అంది పిన్ని, లోపల తయారవుతున్న తన కూతురి గురించి.

అమ్మాయి గిన్నె, పటకారు తీసుకుని కడగడానికి లోపలికి వెళ్లింది. పంపు చప్పుడు వినబడ్డాక పిన్ని హాల్లోకి వచ్చింది.

"రేపే కదా వ్యాను. ఇంకా చెప్పరేం?"

"చెబితే తట్టుకోలేదు."

"చెప్పకుండా తీసుకుపోతే తట్టుకుంటుందా?"

"ఇన్నేళ్లలో అది నోరు తెరిచి ఏదైనా అడిగిందా చెప్పు. బట్టలడిగిందా, బొమ్మలడిగిందా? నేనై నేను ఇచ్చింది ఇదొక్కటే. దీన్నీ నేనే తీసేస్తున్నాను."

పిన్ని ఏదో అనబోతుంటే ఫోన్ మోగింది. ఊరవతలి పెద్ద అక్వేరియం నుంచి డాక్టరు. రెండు షార్కుల్లో ఏది తీసుకెళ్లాలో రాసుకుంటున్నాడట.

లోపల పంపు ఆగింది.

"పెద్దదేనండీ" అన్నాడు బాబాయి. "చిన్నది మా దగ్గరే ఉంటుంది. పదేళ్లయింది తెచ్చుకుని. ఆ, ఆడదే. అబ్బే, ఏ గొడవా ఉండదు. ఎవరి జోలికీ పోదు, దాని మూలన అది ఉంటుంది. తిండితో ఇబ్బందేం లేదండీ. ఈ ఇల్లే దానికి చాలడం లేదు. రేపు పదకొండింటికి. సరే."

ఫోన్ పెట్టేసి ఇటు తిరిగేసరికి తలుపు తెర పక్కన అమ్మాయి నిలబడి ఉంది. చేతిలోని పటకారు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"విన్నావా?"

తల ఊపింది.

"నీకెలా చెప్పాలో తెలీక..."

"రేపేనా?"

"రేపే. ఇంకా ఇక్కడే ఉంచుకుంటే మా స్వార్థం అవుతుందమ్మా. అక్కడ చోటు ఎక్కువ. బాగా చూసుకుంటారు."

"ముందే చెప్పుంటే నేనే సర్దుకునేదాన్ని కదా బాబాయ్."

"నేను మొత్తుకుంటున్నది అదే" అంది పిన్ని. "మనకన్నా పిల్లే నయం."

"అప్పుడప్పుడూ వచ్చి చూస్తూనే ఉంటాంగా" అన్నాడు బాబాయి, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

అమ్మాయి తొట్టి వైపు చూసింది.

"రొయ్యలకు తలలు తీసి పెట్టాలి. అదొక్కటి మర్చిపోకండి."

"చెప్తాలే. కాగితం మీద రాసి మరీ ఇస్తాను."

ఆమె ఏడవలేదు. దువ్వెన తీసుకుని లోపలికి వెళ్లింది. బాబాయికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

మర్నాడు చెల్లెలికి జడలు వేయడానికి చాలాసేపు పట్టింది.

"నొప్పెడుతోందక్కా."

"గట్టిగా వేస్తున్నా. రెండ్రోజులదాకా ఊడకుండా."

చెల్లెల్ని బస్సెక్కించి వచ్చి, తొట్టి అద్దం తుడిచింది. దొర ముక్కు ఆనిన చోట కాసేపు చెయ్యి ఉంచింది. స్పాంజి పిండి ఆరేసింది. బాబాయి నేల మీద పాత దుప్పట్లు పరుస్తూ, వ్యాను వాళ్లకు దారి కోసం సోఫాను గోడకు జరుపుతున్నాడు. ఆ దుప్పట్ల మీదుగా నడిచి, భుజాన సంచితో ఆమె గుమ్మం దాటింది.

పిన్ని కిటికీ దగ్గరకు వెళ్లింది.

"వెళ్లొస్తానని కూడా అనలేదండీ. కాలేజీకి అంత సంచి దేనికి?"

"దొర వెళ్లడం చూడలేక బయటికి పోతోంది. పిలవకు. సాయంత్రానికి అదే సర్దుకుంటుంది."

ఆ ఇంట్లో అందరూ 'పెద్దది' అనేది ఆ అమ్మాయినే.