వదిన లేని ఫోటోలు

"బాగా ఆలోచించుకో వదినా. ఒకసారి మొదలుపెట్టినామంటే పాతది ఒక్కటీ మిగలదు," అన్నాడు సురేంద్ర, మౌస్ మీంచి చెయ్యి తీయకుండానే.

ఉమాదేవి తెర వైపు చూసింది. చూపులో ఏమీ లేదు.

"ఏం మిగలాల సురేంద్రా? బడి ప్రశ్నపత్రాలు కొట్టుకునేకి కంప్యూటర్ పని చేస్తే చాలు నాకు."

సురేంద్రకు కావలసిందీ ఆ మాటే.

అన్న తిప్పేష్ పోయి ఎనిమిది నెలలు. పోయే ముందురోజు ఆసుపత్రిలో తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఒకటే చెప్పాడు. చిలమత్తూరులో హేమావతి అని ఒకామె ఉంది. తమకో పాప కూడా ఉంది. ఆమెకు రాసిన ఉత్తరాలు ఇంటి కంప్యూటర్లో ఉన్నాయి. మీ వదిన కంట పడకముందే తీసెయ్. ఇన్నాళ్లకు సురేంద్రకు వీలు చిక్కింది. విండోస్ తొంభై ఎనిమిది పాతబడిపోయింది, ఎక్స్‌పీ వేసిస్తానని వంక పెట్టుకుని, ఈ ఆదివారం పొద్దున్నే అనంతపురంలో కళ్యాణదుర్గం బస్సెక్కాడు.

"అన్న కాగితాలేవో ఉండాయి ఈడ. కంపెనీవి. పనికొచ్చేవేం గావు, వదిలేస్తా," అన్నాడు గొంతు మామూలుగా పెట్టి.

"వదిలెయ్."

సురేంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో ఆమె స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"ఫోటోలు మాత్రం సీడీలోకి ఎక్కించు."

"అన్నీనా?"

"ఒక్కోటీ చూపించు. చెప్తా."

విత్తనాల కంపెనీ ఇచ్చిన డిజిటల్ కెమెరాతో తీసిన ఫోటోలు. హంపిలో రాతిరథం ముందు ఇద్దరూ.

"వద్దు."

ఎండిన శెనక్కాయ చేన్లో తిప్పేష్ ఒక్కడే, తలకు తువ్వాలు చుట్టుకుని నవ్వుతూ.

"ఇది పెట్టు."

బడి వార్షికోత్సవంలో ఇద్దరూ. "వద్దు." కొత్త మోటార్‌సైకిల్ మీద అతనొక్కడే. "పెట్టు." పెళ్లిరోజు కేకు కోస్తూ ఇద్దరూ. "వద్దు."

గొంతులో ఏడుపు లేదు. కోపమూ లేదు. క్లాసులో హాజరు పిలిచినట్టు చెప్పుకుపోతోంది. తను ఉన్న ఫోటో ఒక్కటీ ఉంచుకోవడం లేదని సురేంద్రకు కాసేపటికి గానీ తెలియలేదు.

"ఇద్దరుండేవి గూడా పెట్టుకో వదినా. రేపు కావాలంటే యాడనుంచి తెస్తాం?"

"వద్దంటి గదా."

సురేంద్ర తర్వాతి ఫోటో తెరిచాడు. భర్త పక్కన తనను తాను చూసుకోలేకపోతోంది పాపం అనుకున్నాడు.

నలభై ఒక్క ఫోటోలు తేలాయి. కరెంటు పోకుంటే చాలని పైకి చూస్తూ సీడీ రాశాడు. మళ్లీ పెట్టి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూశాడు. తర్వాత ఫార్మాట్ కొట్టాడు. తెర మీద అంకెలు నెమ్మదిగా నూటికి చేరాయి. ఉత్తరాలు పోయాయి. అన్నకిచ్చిన మాట తీరింది. మనసు తేలికపడుతుందనుకున్నాడు. ఏమీ కాలేదు.

ఎక్స్‌పీ ఎక్కుతుండగా ఉమాదేవి కాఫీ తెచ్చిచ్చింది. సీడీని కవర్లో పెట్టి, బీరువా వైపు పోకుండా అతని ముందు ఉంచింది.

"ఇది నీ సంచిలో పెట్టుకో. యాడన్నా స్టూడియోలో కడిగించు."

"ఫోటోలు కడిగించి నీకు తెచ్చియ్యల్లనా?"

"నాకు గాదు. చిలమత్తూరుకు పోయి ఇచ్చిరా."

సురేంద్ర చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"చిలమత్తూరులో... ఎవరికి వదినా?"

ఉమాదేవి కొంగుతో కీబోర్డు మీది ఎర్రదుమ్ము తుడుస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"పాప వాళ్ల నాయన మొగం మర్చిపోతాండాదని మొన్న హేమావతి ఫోన్ చేసి ఏడ్చినాది."