మూడూళ్ల లీగు

మైదానం పొడవూ వెడల్పూ టేపు పెట్టి కొలిపించాలి. గోలుపోస్టులకు తెల్లరంగు వేయించాలి, వలలు కట్టించాలి. రెఫరీలను పక్క జిల్లా నుంచి పిలవాలి. మ్యాచి జరిగినంతసేపూ ఒక డాక్టరు కూర్చుని ఉండాలి. నాలుగు జట్లలోని అరవైనాలుగు మందికీ వయసు ధ్రువపత్రాలు తేవాలి. వాళ్లలో నలభై మందికి పుట్టినరోజు జూన్ ఒకటో తేదీయే. బళ్లో చేర్చుకునేటప్పుడు అయ్యవార్లు వేసిన తేదీ అది. అసలు తేదీ ఏదో ఇంటింటికీ పోయి తల్లుల్ని అడిగి రాయించాలి.

ఫుట్‌బాల్ ఫెడరేషన్ పంపిన ఆ జాబితాను దేవసహాయం రెండుసార్లు చదివి ప్రేమ్ కుమార్ చేతికిచ్చాడు.

"తల్లుల సంగతి నువ్వు చూడప్పా. నేను పోతే అప్పులోడు వచ్చినాడని తలుపేసుకుంటారు."

దేవసహాయం హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో తూకం గుమస్తా. పెళ్లాం బిడ్డలు లేరు. పద్నాలుగేళ్ల కిందట హిందూపురం నుంచి రెండు, పెనుకొండ నుంచి ఒకటి, ధర్మవరం నుంచి ఒకటి, మొత్తం నాలుగు జట్లు కూర్చి, ఎవరి అనుమతీ అడగకుండా లీగు మొదలుపెట్టిన మనిషి. ఆటగాళ్లకు మ్యాచికింతని ఇచ్చేవారు గానీ, ఆ లీగు ఇచ్చే సర్టిఫికెట్టు మాత్రం ఎక్కడా చెల్లేది కాదు. 2002లో, కింది డివిజన్ లీగులకు కూడా ఫెడరేషన్ గుర్తింపు ఇస్తుందని తెలిసింది. గుర్తింపు వస్తే ఆ సర్టిఫికెట్టుతో రైల్వేలో ఆటగాళ్ల కోటాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ధర్మవరం గోల్‌కీపరు తిరుపాల్ మగ్గం నేస్తాడు. వచ్చే ఏటికి ఇరవై ఐదు నిండుతాయి. ఆ తరువాత రైల్వే వాళ్లు తీసుకోరు. దేవసహాయం, ప్రేమ్ కుమార్‌ల తొందరంతా అందుకే.

లీగు రాతకోతలు చూసే ప్రేమ్ కుమార్‌ది పెనుకొండ. వాళ్లింట్లో డిగ్రీ చదివింది అతనొక్కడే. తోటివాళ్లంతా బెంగుళూరు చేరిపోయారు. ఇంట్లో నాయనకు గానీ అవ్వకు గానీ అతను చదివే కాగితాల్లో ఏముందో చెప్పినా అర్థమయ్యేది కాదు. దేవసహాయంతో కలిసి పాసింజరు బండిలో ఆ మూడూళ్లూ తిరిగిన మూడు నెలలూ తనకొక తోడు దొరికిందనుకున్నాడు.

పనులన్నీ అయ్యాక ఫెడరేషన్ నుంచి జవాబు వచ్చింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ పద్నాలుగేళ్లు అనుమతి లేకుండా లీగు నడపడం నేరం. అందులో ఆడినవాళ్లను రెండేళ్లపాటు నమోదు చేసుకోరు. రెండేళ్లంటే తిరుపాల్ వయసు దాటిపోతుంది.

ఆ కాగితం చదివి ప్రేమ్ కుమార్ ఇక అంతా అయిపోయిందనుకున్నాడు. దేవసహాయం మాత్రం హైదరాబాదు పోయి మాట్లాడి వస్తానన్నాడు. తనూ వస్తానంటే వద్దన్నాడు. నాలుగో రోజు తిరిగొచ్చి, బస్టాండులోనే నిలబడి చెప్పాడు.

"ఒప్పుకున్నారప్పా. అందరికీ మాఫీ."

జనవరిలో గుర్తింపు ఉత్తర్వు పోస్టులో వచ్చింది. మొదటి మ్యాచి ధర్మవరంలో. మధ్యగీతకు ఎదురుగా దేవసహాయానికి కుర్చీ వేయించాడు ప్రేమ్ కుమార్. ఆయన రాలేదు. రెండో వారమూ రాలేదు, మూడో వారమూ రాలేదు. మార్కెట్టుకు పోయి అడిగితే తూకం మీంచి తల ఎత్తకుండా, ఇంక నువ్వే చూసుకో, నాకు విసుగొచ్చింది అన్నాడు.

హిందూపురం జట్లలో ఒకదానికి మేనేజరైన మారెప్ప నవ్వాడు.

"ఆయప్పకు మన లీగు చిన్నదైపోయిందిలే. ఎవరో బెంగుళూరు క్లబ్బోళ్లు పిలిచినారంట. ఆదివారమైతే సంచి పట్టుకోని రైలెక్కుతాండాడు, చూసినోళ్లుండారు."

ప్రేమ్ కుమార్ నమ్మలేదు. ఆ ఆదివారమే ధర్మవరం మైదానం గోడ బయట, టీ బంకు దగ్గర, సంచి పట్టుకుని నిలబడిన దేవసహాయం కనిపించాడు.

"లోపలికి రాన్నా. కుర్చీ ఏసినాం."

"వద్దప్పా. ఈడనే బాగుండాది."

"ఈడ నుంచి ఏం కనపడతాది? గోడ తప్ప?"

"అరుపులు ఇనపడతాయి గదా. తిరుపాల్ పట్టినాడో ఇడిసినాడో తెలిసిపోతాది."

"అంతేలే. మా ఆట సూడాలంటే నీకిప్పుడు నామోషీ."

దేవసహాయం బంకు వాడికి ఇంకో టీ చెప్పాడు. అది ప్రేమ్ కుమార్‌కే. ప్రేమ్ కుమార్ తాగకుండా లోపలికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఆ కుర్చీ తీసెయ్యమన్నాడు.

ఆ తరువాత మ్యాచిలన్నింటికీ ఒక్కడే తిరిగాడు. బండిలో కిటికీ పక్కన కూర్చుని ఒక్కడే ఫలితాలు రాసుకున్నాడు. రెఫరీ తప్పు చేశాడా అని అడుగుదామని పక్కకు తిరిగితే ఎవరూ ఉండేవారు కాదు. ఆదివారాలు పొడుగ్గా అనిపించసాగాయి.

మే నెలలో తిరుపాల్‌ను రైల్వే వాళ్లు ఎంపిక చేశారు. అయితే గుర్తింపు ఉత్తర్వు పూర్తిగా చూపించమన్నారు. పోస్టులో వచ్చింది మొదటి పేజీ ఒక్కటే. రెండోది తేవడానికి ప్రేమ్ కుమార్ హైదరాబాదు వెళ్లాడు. ఆఫీసులో గుమస్తా ఫైలు తిరగేసి ఆ పేజీ తీసి అతని ముందు పెట్టాడు.

అరవైనాలుగు మంది తప్పూ మాఫీ అయిందని అందులో ఉంది. నేరమంతా తనొక్కడిదేనని ఒకరు ఒప్పుకున్నారనీ, అందుకు శిక్షగా గుర్తింపు ఉన్న ఏ మైదానంలోనూ బతికినంతకాలం అడుగుపెట్టనని రాసిచ్చారనీ ఉంది. ఈ సంగతి తెలిస్తే పిల్లలు ఆడరు, కాబట్టి వాళ్లకు తెలపవద్దని చేత్తో రాసిన ఒక విన్నపం ఉంది. దాని కింద ఒక సంతకం ఉంది.

ఆ సంతకం దేవసహాయానిది.