తోలు కప్పిన దూడ

ఆ రాత్రి మూడు పనులు మిగిలాయి. నీళ్ల తొట్టిలో మంచు పగలగొట్టాలి. చచ్చిన దూడ తోలు ఒలవాలి. ఆ తోలును తల్లి లేని దూడకు చొక్కాలా కట్టి, బిడ్డ పోయిన ఆవు దగ్గర వదలాలి. సొంత బిడ్డ వాసన తగిలితే ఆవు దానికి పాలు ఇస్తుంది. మోంటానాలో పశువులు పెంచే మా వాళ్లంతా ఇలాగే చేస్తారు.

పెదనాన్న ఎల్బర్ట్ కొట్టంలో తోలు ఒలిచి, మిగిలిన ఎర్రటి ముద్దను బయట మంచులోకి విసిరాడు. దాని నుంచి ఆవిరి లేచింది. నా చేతులకంటిన జిగట ఎంత తుడిచినా పోలేదు.

"కాలేజీలో ఇది నేర్పలేదా అమ్మాయ్?" అని నవ్వాడు.

తోలు కట్టి దగ్గర వదిలినా, ఆవు కొత్త దూడను చూడనైనా లేదు. తలుపు వైపు తిరిగి, మెల్లగా పిలిచింది.

బయట నుంచి సన్నటి అరుపు బదులొచ్చింది.

చలికి బిగుసుకుపోయిన దూడ బతికున్నా చచ్చినట్టే ఉంటుంది.

"పెదనాన్నా, ఒలిచే ముందు దాన్ని పొయ్యి దగ్గర పెట్టి చూశావా?"

"ఎక్కడ తీరిందే! ఆవులన్నీ ఒక్కసారే ఈనుతుంటే..."

తలుపు అడుగున తడిగా ఏదో రాసుకుంది. ఆగి, మళ్లీ రాసుకుంది. ఆవు ఆ చెక్కను నాకడం మొదలుపెట్టింది.

పెదనాన్న లాంతరు అందుకున్నాడు. "నువ్వు చూడకే తల్లీ," అంటూ గడియ తీశాడు.

గడ్డకట్టిన దూడలను ఏళ్ల తరబడి తన కోటులో పొదువుకుని బతికించిన మనిషి ఎల్బర్ట్ హగ్గర్టీ. దయచేసి ఆయన్ను ఆ రాత్రితో కాదు, ఆ దూడలతోనే గుర్తుంచుకోండి.