యాభయ్యో పూస

"రేడియో కాస్త పెంచమ్మా, ఫిలొమేనా. బేస్‌బాల్ కామెంటరీ సరిగ్గా వినపడటం లేదు," అన్నాడు గయెతానో.

"ఇంకా పెంచితే పైవాటా వాళ్ళు చీపురుకట్టతో దిగుతారు బాబాయ్," అంటూనే పెంచింది ఫిలొమేనా.

కోజిమో బిలియర్డ్స్ బల్ల మీద వంగి, ముక్కు పచ్చగుడ్డకి ఆనేంతగా తలదించి బంతిని వెతుక్కుంటున్నాడు. షుగరు జబ్బు అతని కళ్ళని సగానికి పైగా తినేసింది. రేవులో ఓడలు ఖాళీ చేసిన చేతులు మాత్రం ఇంకా వణకవు. కొట్టాడు. బంతి గుంటలో పడింది. తర్వాతిది గురి తప్పింది.

ఇప్పటి కుర్రాళ్ళు వేరే ఆటలకి మళ్ళినా, సౌత్ ఫిలడెల్ఫియాలో ఈ హాల్లో మాత్రం పాత ఆటే. ఏ బంతి పడినా ఒక్క పూస. బల్లకి పైన పూసలు గుచ్చిన రెండు తీగలు. పై తీగ గయెతానోది, కింది తీగ కోజిమోది. వంతు అయ్యాక కర్ర మొనతో ఎవరి పూసలు వాళ్ళే తోసుకోవాలి. పక్కవాడి తీగ ముట్టుకోవడమంటే పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టడమే. ముందు నూరు తోసినవాడిది ఆట.

కోజిమో తడుముకుంటూ కింది తీగ మీద ఒక పూస తోశాడు.

"ఎంతయిందిరా?"

"యాభై మూడు."

"హమ్మయ్య! ఈ వారానికి బతికిపోయాను."

ఆ మాటకి అర్థం అక్కడ అందరికీ తెలుసు. ఈస్టరు నాడు కోజిమో హాలంతా వినేలా ఒట్టు పెట్టుకున్నాడు. "యాభై దాటలేని రోజున ఈ కర్ర అమ్మేస్తాను. మళ్ళీ ఈ గడప తొక్కను. నా మీద ఎవడూ జాలిపడక్కర్లేదు." భార్య పోయాక అతనికి మిగిలింది శుక్రవారం మధ్యాహ్నం ఆడే ఈ ఆట ఒక్కటే. చిన్ననాటి స్నేహితుడు గయెతానో తప్ప అతనితో ఆడేవాళ్ళూ లేరు.

"నావి తొంభై ఏడు. ఇంకో మూడు పడితే నీ పని అయిపోయినట్టే," అన్నాడు గయెతానో.

"దర్జీవాడివి, వెళ్ళి సూదిలో దారం ఎక్కించుకో. నీకు బంతులెందుకురా!"

రేడియో టక్కున ఆగిపోయింది. ఫిలొమేనా గల్లా దగ్గర్నించి లేచి వచ్చింది. ఆమె చేతిలో సోడామూతలున్న సీసా ఉంది. పద్నాలుగు బంతులు పడ్డ ప్రతిసారీ వచ్చి పేర్చేదీ, ఒక మూత అందులో వేసేదీ ఆమే.

"ఆట ఆపండి. పద్నాలుగేసి బంతులు పదిసార్లు పడ్డాయి. ఆ పైన ఇప్పుడు బల్ల మీంచి పోయినవి నాలుగు. నూట నలభై నాలుగు. మీ ఇద్దరి పూసలూ కలిపితే నూట యాభై. ఆ ఆరూ ఎక్కణ్ణించి ఊడిపడ్డాయి?"

"నేనే లెక్క తప్పానేమోనమ్మా," అన్నాడు కోజిమో.

"నువ్వు కాదు బాబాయ్. నువ్వు వంగినప్పుడల్లా గయెతానో బాబాయ్ కర్ర పైకి లేస్తోంది. పోయిన వారమూ చూశాను. నా భ్రమేమో అనుకున్నాను. రేడియో ఎందుకు పెంచమంటాడో ఇవాళ అర్థమైంది. పూస కదిలితే చప్పుడవుతుంది కదా!"

పక్క బల్ల దగ్గర మంగలి సవీనో ఆట ఆపేశాడు. "కళ్ళు కనపడనివాడి దగ్గరా దొంగతనం? థూ!"

"చెప్పు బాబాయ్. తోశావా, లేదా?"

గయెతానో మొహం పాలిపోయింది. కోజిమో వంక ఒకసారి చూశాడు.

"తోశాను."

ఫిలొమేనా తలుపు వైపు చెయ్యి చూపింది. "పూసల దొంగకి ఈ హాల్లో చోటు లేదు. పోయిన మా ఆయన పెట్టిన కట్టుబాటు. తండ్రిలాంటివాడివి... నీకే చెప్పాల్సి వస్తుందనుకోలేదు. ఆ ఆరూ వెనక్కి తోసి వెళ్ళిపో. మళ్ళీ రాకు."

గయెతానో కర్ర ఎత్తి పై తీగ మీంచి ఆరు పూసలు వెనక్కి తోశాడు. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్క పూస చప్పుడూ అందరికీ వినపడింది. కర్ర మర విప్పి, రెండు ముక్కలుగా సంచిలో పెట్టుకున్నాడు. టోపీ తీసుకుని తలుపు దాకా వెళ్ళాడు.

"ఆగరా," అన్నాడు కోజిమో.

"ఊరుకోరా. నీకు దణ్ణం పెడతాను, ఇంక ఏమీ మాట్లాడకు."

"నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. నువ్వు రేడియో ఎంత పెంచమన్నా ప్రతి పూసా విన్నాను."

ఫిలొమేనా తెల్లబోయింది. "విని కూడా ఊరుకున్నావా బాబాయ్?"

"ఊరుకున్నాను. సిగ్గులేక."

కోజిమో కర్ర ఎత్తి పై తీగని వెతికి పట్టుకున్నాడు. ఆరు పూసలు లెక్కపెట్టి ముందుకు తోశాడు.

"అది నీది కాదు, వాడి తీగ!" అరిచాడు సవీనో. "దొంగకి సొమ్ము తిరిగి ఇస్తావా, పిచ్చోడా!"

"తెలుసు," అన్నాడు కోజిమో.

కర్ర మొన కిందికి దించి, తన తీగ మీంచి ఆరు పూసలు వెనక్కి తోశాడు. నలభై ఏడు మిగిలాయి.