కట్టుకుంటే కట్టక్కర్లేదు

ఫారంలో ‘సంబంధం’ అన్న గడి ఒక్కటే ఖాళీగా మిగిలింది.

పన్నుల ప్లీడరు కళ్లజోడు తుడుచుకున్నాడు. పెద్ద పెద్దవాళ్ల పన్నులు నొప్పి తెలియకుండా పీకేస్తాడని ఊళ్లో ఆయన్ని ‘పళ్ల డాక్టర్’ అంటారు.

ఎదురుగా మేనేజరమ్మ. ముప్పయ్యేళ్లుగా ప్రింటింగ్ ప్రెస్సు నడిపిన మనిషి. వేళ్లకు ఇంకా సిరా మరకలే. పక్క కుర్చీలో, ఈమధ్యే పోయిన ఓనరుగారి తమ్ముడు.

ఓనరు ప్రెస్సునూ ఇంటినీ ట్రస్టులో పెట్టి, తన తర్వాత రెండూ మేనేజరమ్మకు చెందాలని రాశాడు. మేడ మీద వాటాలో తమ్ముడు అద్దె లేకుండా ఉంటున్నాడు.

“చట్టం చాలా సింపులమ్మా,” అన్నాడు ప్లీడరు. “ట్రస్టు ఆస్తి భార్యకు వస్తే పన్ను సున్నా. పరాయివాళ్లకు వస్తే నూటికి నలభై. కట్టుకున్నదైతే కట్టక్కర్లేదు. కట్టుకోనిదైతే కట్టాలి. అంతే!”

తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

“నలభై కట్టాలంటే ఏం చెయ్యాలి?” అందామె.

“ఇల్లు అమ్మాలి. ప్రెస్సు ఒక్కటే మిగులుతుంది.”

“అయితే అమ్మేద్దాం.”

తమ్ముడు ఉలిక్కిపడి లేచాడు. “అమ్మేస్తే నేనెక్కడుండాలి వదినా?”

“వదినా?” ఆమె అతని వైపు తిరిగింది. “ముప్పయ్యేళ్లూ ‘ఏమ్మా, టీ పెట్టు’ అన్నారు. నలభై శాతానికి పుట్టుకొచ్చిన వరసా ఇది?”

తమ్ముడు కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

ప్లీడరు గొంతు తగ్గించాడు. “చూడమ్మా. మీరూ ఓనరుగారూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఆయన మంచాన పడితే మీరే చూసుకున్నారు. ఊరు ఏమనుకుందో అందరికీ తెలుసు. ఈ గడిలో ‘భార్య’ అని రాసేద్దాం. సాక్షుల్ని నేను తెస్తాను. రెండంటే రెండక్షరాలు! అక్షరానికి ఇరవై శాతం మిగులు!”

“ఆయన ఏమని రాశారు?”

“‘మా మేనేజరు’ అని.”

“అదే రాయండి.”

“ఆయన లేచొచ్చి కాదంటాడా?”

“బతికుండగా ఆయన నోట రాని మాట, పోయాక నా చేత రాయిస్తారా?”

“నిజాయితీకి రాయితీ లేదమ్మా!”

“రాయితీ నేనడిగానా? పన్ను ఎంతైతే అంతా కడతాను. ఒక్క శాతం తగ్గించొద్దు. రసీదు మీద నా పేరు, పక్కన ‘మేనేజరు’ అని ఉండాలి.”

“వదినగారూ, మన కుటుంబం పరువు...” నసిగాడు తమ్ముడు.

“అది మీ సొంత ఆస్తి. ఏ ట్రస్టులో పెట్టారో మీరే వెతుక్కోండి.”

ఇన్నేళ్ల ప్రాక్టీసులో, పన్ను పీకొద్దని పోట్లాడిన పేషెంటును పళ్ల డాక్టర్ చూడలేదు. నిట్టూర్చి, గడిలో ‘మేనేజరు’ అని రాశాడు. ఆమె గబగబా సంతకం పెట్టి, చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం ఆమె బీరువా అడుగు అర తెరిచి, ఎవరి కంటా పడనివ్వొద్దని ముప్పయ్యేళ్ల కిందట ఓనరు ఒట్టేయించుకున్న తమ పెళ్లి సర్టిఫికెట్టును తీసి, ముక్కలు ముక్కలుగా చింపేసింది.