ఎర్ర గీత

“గీ బండి నడిమిట్ల ఆగితే నా బిడ్డ ఏడ కనాలె?”

బండి ఇంకా స్టార్టు కూడా కాలేదు. మేడ్చల్‌లో ఇంటి ముందే ఉంది. పోవాల్సింది కూడా రెండు సందుల అవతలున్న మెకానిక్ షెడ్డుకే. అయినా దుర్గాబాయి ముందు సీట్లో ఎక్కి, ఒడిలో నీళ్ల డబ్బా పెట్టుకుని, జరగబోయే ఘోరమంతా అప్పుడే కళ్లారా చూసేసింది.

స్టీరింగు ముందున్నది అల్లుడు శ్రవణ్. పెళ్లయి ఏడాదిన్నరైనా అత్తగారి ముందు కుర్చీలో సగమే కూర్చునే మనిషి అతను.

కూతురు బిందుకు తొమ్మిదో నెల. తొలి కాన్పని తల్లిగారింటికి వచ్చింది. డాక్టరమ్మ ఉండేదేమో షామీర్‌పేటలో. ఆమె చెయ్యి మంచిదని ఎవరో చెప్పగా విని, దుర్గాబాయే పట్టుబట్టి అక్కడ పేరు రాయించింది. తీసుకుపోవడానికి అల్లుడి కారుంది. బిందు కంటే రెండేళ్లు పెద్దది ఆ కారు. తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం దొరికిన ఏడాదే శ్రవణ్ ముచ్చటపడి కొనుక్కున్నాడు.

ఇప్పటికి మూడుసార్లు పరీక్షకు పోయారు. మూడుసార్లూ షామీర్‌పేట రాకముందే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి పొగలు పొగలుగా లేచింది. మూడుసార్లూ బిందు రోడ్డు పక్కన నీడ వెతుక్కుని, కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. దుర్గాబాయి మాత్రం ఊరికే కూర్చోలేదు. దారి పొడుగునా అల్లుడికి తన వంతు సాయం చేస్తూనే ఉంది.

వాళ్ల వీధిలోని తారాబాయి కోడలు ఆటోలోనే కన్నదట. ఆ సంగతి విన్నప్పటి నుంచి దుర్గాబాయికి కంటి మీద కునుకు లేదు. డాక్టరమ్మ కాన్పు శుక్రవారం అంది. ఇవాళ శనివారం. చేతిలో ఉన్నది ఆరు రోజులు.

రోజూ డ్యూటీకి పోయేటప్పుడు కారుకు ఏ రోగమూ రాదని శ్రవణ్ ఒకసారి మెల్లగా అన్నాడు. దుర్గాబాయి నమ్మలేదు. కొనుక్కున్న వస్తువు కదా, పాపం, వెనకేసుకొస్తున్నాడనుకుంది.

షెడ్డు అంజయ్యది. దుర్గాబాయిని అక్కా అంటాడు. ఆ వరసన శ్రవణ్ అతనికి అల్లుడే. మూత తీసి రేడియేటర్ చూశాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. మూత తీసేటప్పుడు అది పేలుతుందని దుర్గాబాయి నాలుగడుగులు వెనక్కి పోయి, చెవులు కూడా మూసుకుంది. ఫ్యాను బెల్టు నొక్కి చూశాడు. బిగువుగానే ఉంది. పైపులు పిసికి చూశాడు. చిల్లు లేదు. ఇంజను వేడెక్కినప్పుడు తెరుచుకుని నీళ్లను వదిలే వాల్వును ఊడదీసి, పక్కనున్న హోటల్లో టీ కోసం మసులుతున్న నీళ్లు గిన్నెలో పోయించుకుని అందులో వేశాడు. అది బుద్ధిగా నోరు తెరిచింది.

అన్నీ మళ్లీ బిగించి, తానొక్కడే కారెక్కి షామీర్‌పేట దాకా పోయి వచ్చాడు. రానూ పోనూ కలిపి నలభై నిమిషాలు. అంత జల్దీ ఎట్లా వచ్చాడో, ఎవరిని గుద్ది వచ్చాడోనని దుర్గాబాయి ముందుగా కారు ముందు భాగం తడిమి చూసింది.

“బండికేం కాలే అక్కా. ముల్లు సగం కూడ లేవలే. నీ లెక్కనే దీనికి కూడ ఊకెనే బుగులు.”

“మరి మేమెక్కితేనే ఎందుకు మసులుతాంది?”

అంజయ్య తల గోక్కున్నాడు. ఎంత ముసలిదైనా ముగ్గురు మనుషుల బరువుకే ఉడికిపోదు. ఏ దారిలో పోతారని అడిగాడు. అదే దారి. ఏ వేళకు పోతారని అడిగాడు. తొమ్మిదింటి చీటీకి పొద్దున ఏడున్నరకే బయల్దేరతామని, ఎండ కూడా ముదరదని దుర్గాబాయి చెప్పింది. అతను శ్రవణ్ వైపు తిరిగాడు.

“అల్లుడా, నువ్వెట్ల నడుపుతవు?”

శ్రవణ్ నేల చూశాడు. అతను నోరు తెరిచేలోగా దుర్గాబాయే అందుకుంది.

“మా అల్లునికి పేరు పెట్టేది లేదు. పాలగిన్నె పట్టుకొని పోయినట్టు నడుపుతడు.”

తర్వాత అల్లుడి ఓర్పు గురించి, చెప్పిన మాట వినే గుణం గురించి కూడా చాలాసేపు చెప్పింది. ఇంత మంచి పిల్లవాడికి ఇలాంటి కారు దొరకడం ఏమి రాత అని కళ్లొత్తుకుంది. జీడిమెట్లలో పాత ఇనుము కొనేవాళ్లుంటారట, ఇచ్చెయ్యమని సలహా కూడా ఇచ్చింది.

అంజయ్య చేతులు తుడుచుకున్నాడు.

“ఇగ ఇంజను దించి చూసుడే. ఎనిమిది దినాలు పడ్తది.”

ఎనిమిది. దుర్గాబాయి అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడింది. తారాబాయి కోడలి ఆటో ఆమె కళ్ల ముందే తిరిగింది. అంజయ్య స్పానర్ల పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. ఒక్క నట్టు వదిలిందంటే శుక్రవారానికి కారు లేనట్టే.

శ్రవణ్ కారును చూశాడు. అత్తగారిని చూశాడు. తన ఎడమ చేతిని చూసుకున్నాడు. హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అంజయ్య స్పానర్ నట్టుకు తగిలించాడు.

“దించకు మామా,” అన్నాడు శ్రవణ్, తల ఎత్తకుండానే. “ఇంటి ముంగట రెండో గేరు ఏసినంక, మూడోది ఏస్తే బండి ఉరుకుతదని అత్తమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకొని, ఇంజను మసిలి బండి ఆగినంకనే ఇడుస్తది.”